తలనీలాల నుంచి పొట్టి జుట్టు దాకా: పశ్చిమ ప్రకాశం స్త్రీల దృక్పథం – భాషాసామాజిక పరిశీలన

వ్యాస సంగ్రహం:
స్త్రీ పొడవైన జుట్టును కత్తిరించుకోవడం పట్ల తెలుగు సమాజంలో, ముఖ్యంగా స్త్రీలలోనే, ఉన్న వైఖరులను తర్లుపాడు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ వ్యాసం వివరిస్తుంది. దేవుని పేరిట పూర్తిగా గుండు చేయించుకొన్న స్త్రీని ఎవరూ ప్రశ్నించరు. భుజాల దాకా కత్తిరించుకొన్న స్త్రీ సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. కనుక ఆక్షేపణ జుట్టు పొడవును గురించినది కాదని, నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నను గురించినదని, ఆ సంగతి వాడుకలోని క్రియాపదాలలోనే కనిపిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తలనీలాలు, జడ, శిరోముండనం, మూడు కత్తెరలు, తరిగొండ వెంగమాంబ, ఆత్మార్థక క్రియ, పశ్చిమ ప్రకాశం.

1. ఉపోద్ఘాతం:

గుంటూరు – నంద్యాల రైలు మార్గంలో మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు స్టేషన్ల వరుసలోని చిన్న స్టేషన్ తర్లుపాడు. మండల కేంద్రం. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. పేరు మారినా ఈ పడమటి భాగపు బతుకు కోస్తా బతుకు కాలేదు. ఒకవైపు నల్లమల, మరొకవైపు మెట్టపొలాలు, లోతుకు పోయిన బోర్లు, పలకల పరిశ్రమ, పనుల కోసం గుంటూరు మిరప చేలకో హైదరాబాదు, బెంగుళూరు నగరాలకో సాగే వలసలు – ఇదీ ఇక్కడి నేపథ్యం.

ఇలాంటి ఊళ్లలో తిరుమలకో శ్రీశైలానికో వెళ్లి గుండుతో తిరిగివచ్చిన స్త్రీ కనిపించడం విశేషం కాదు. ఆమెను చూసినవారు అడిగే మాట ఒక్కటే: “ఎక్కడ?” తిరుమల అనో శ్రీశైలం అనో సమాధానం వస్తుంది. ప్రసాదం చేతులు మారుతుంది. మాట అక్కడితో ముగుస్తుంది. చదువుకో ఉద్యోగానికో నగరానికి వెళ్లిన అమ్మాయి భుజాల దాకా కత్తిరించిన జుట్టుతో పండుగకు ఇంటికి వస్తే అడిగే మాట వేరు: “ఎందుకు?” ఈ రెండో ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం ఉండదు, ఏ సమాధానం చెప్పినా అది చాలదు. జుట్టు పోవడమే తప్పైతే పూర్తిగా పోయిన తల మీద ఎక్కువ ఆక్షేపణ ఉండాలి. అలా లేదు. ‘ఎక్కడ’కూ ‘ఎందుకు’కూ నడుమ ఉన్న ఈ తేడాయే ఇక్కడ పరిశీలనాంశం.

2. జుట్టు చుట్టూ ఉన్న మాటలు:

తెలుగులో స్త్రీ కేశాలకు ఉన్న పేర్లు చాలా ఎక్కువ. కురులు, కుంతలాలు, కచభారం, కేశపాశం, వేణి, కబరి, ధమ్మిల్లం, నెరులు, శిరోజాలు కావ్యభాషవి. జుట్టు, వెంట్రుకలు, జడ, కొప్పు, సిగ, ముడి ఇంటి భాషవి. జడకు అనుబంధంగా సవరం, జడకుచ్చులు, జడగంటలు, రాగిడి, నాగరం, జడబిళ్ల ఉన్నాయి. పేర్లన్నీ ఉన్న జుట్టుకే. తగ్గించిన జుట్టుకు అచ్చతెలుగులో ముచ్చటైన పేరు ఒక్కటీ లేదు. బాబ్ కట్, బాయ్ కట్, స్టెప్ కట్, యూ కట్ అన్నీ ఇంగ్లీషు నుంచి వచ్చి చేరినవే. ‘పొట్టి జుట్టు’ అన్నది పేరు కాదు, వర్ణన మాత్రమే.

లేని జుట్టుకు మాత్రం మాటలు దండిగా ఉన్నాయి. అవి ఎక్కువగా తిట్లు. ‘బోడి’ అన్నది తలకు మాత్రమే పరిమితం కాక ‘బోడి సలహా’ వంటి ప్రయోగాలలో విలువ లేనిదన్న అర్థాన్ని సంపాదించుకొంది. స్త్రీని తిట్టడానికి తెలుగునాట విరివిగా వాడే ‘ముండ’ అన్న మాట సంస్కృతంలోని ‘ముండ’ (గొరిగిన తల కలది) నుంచి వచ్చినదే. ముండనం, ముండితం అన్నవి దాని తోబుట్టువులు. గొరిగిన తల అన్న అర్థం విధవగా, విధవ అన్న అర్థం నీతి లేని స్త్రీగా దిగజారుతూ వచ్చిన క్రమం ఆ ఒక్క మాటలో నిక్షిప్తమై ఉంది. భర్త పోయిన స్త్రీకి శిరోముండనం చేయించే ఆచారం ప్రధానంగా బ్రాహ్మణ కుటుంబాలది. పశ్చిమ ప్రకాశంలోని వ్యవసాయ కులాలలో, శ్రామిక కులాలలో భర్త పోయినప్పుడు గాజులు, బొట్టు, మెట్టెలు తీస్తారు గాని జుట్టు జోలికి పోరు. అనేక కులాలలో మారుమనువు ఆచారమూ ఉండేది. అయినా తిట్టు మాత్రం కులాల గడపలన్నీ దాటింది. ఆచారం లేని ఇళ్లలోనూ దాని నీడ మాట రూపంలో నిలిచి ఉంది. కూతురు జుట్టు కత్తిరించుకొని వస్తే పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట ‘బోడి’యో దానికి దగ్గరిదో కావడానికి కారణం ఇదే. ఆ మాట అన్న స్త్రీకి దాని చరిత్ర తెలిసి ఉండనక్కరలేదు.

ఇక క్రియలు. తల దువ్వుకొను, తలంటుకొను, జడ వేసుకొను, కొప్పు ముడుచుకొను, పూలు పెట్టుకొను – జుట్టుకు చేసే సేవ అంతా ‘కొను’ చేరిన క్రియలతోనే నడుస్తుంది. ఈ ‘కొను’ను వ్యాకర్తలు ఆత్మార్థకమంటారు. పని ఫలం చేసినవారికే చెందుతుందని దాని భావం. జుట్టు పోయే సందర్భాలకు వచ్చేసరికి క్రియలు మారుతాయి. పసిపిల్లలకు పుట్టు వెంట్రుకలు ‘తీయిస్తారు’. జ్వరం తగిలి జుట్టు ఊడుతుంటే ‘తీసేస్తారు’. విధవకు ‘చేయిస్తారు’. దేవునికి తలనీలాలు ‘ఇస్తారు’. ‘మొక్కు తీర్చుకొంది’ అన్నప్పుడు ‘కొను’ ఉన్నమాట నిజమే. అయితే అది జుట్టుకు కాక మొక్కుకు అతుక్కొని ఉంది. ‘గుండు చేయించుకొంది’ అన్నప్పుడూ వినేవారి మనసు వెంటనే ఏ దేవుడన్న వైపు పోతుంది. ‘కత్తిరించుకొంది’ అన్న మాటకు మాత్రం వెనుక దేవుడు లేడు, జ్వరం లేదు, పెద్దలు లేరు. ఆమె ఒక్కతే ఉంది. సంరక్షణకు చేరిన ‘కొను’ ఎవరికీ అభ్యంతరం కాదు. నిర్ణయానికి చేరిన ‘కొను’ దగ్గరే చిక్కు వస్తున్నది.

3. ఇవ్వడమా, తీసివేయడమా:

తలనీలాల సంప్రదాయానికి తిరుమలలో చెప్పుకొనే కథ నీలాదేవిది. స్వామి తలపై గాయమైన చోట జుట్టు లేకపోవడం చూసిన గంధర్వకన్య నీల తన జుట్టును తీసి అక్కడ అతికించిందని, అందుకు మెచ్చి భక్తులు సమర్పించే కేశాలు ఆమెకే చెందుతాయని స్వామి వరమిచ్చాడని ఐతిహ్యం. ఈ కథలో గమనించదగిన సంగతి ఒకటుంది. మొదట జుట్టు ఇచ్చినది స్త్రీ. ఎవరూ అడగకుండా ఇచ్చింది. తన అందంలో ముఖ్యమైనదాన్ని తానే నిర్ణయించుకొని తీసింది. తెలుగు భక్తి సంప్రదాయం గౌరవించిన తొలి ‘కత్తిరించుకోవడం’ ఇదేనని చెప్పవచ్చు. అయితే జుట్టు మరొకరికి చేరింది కనుక దాని పేరు సమర్పణ అయింది.

కల్యాణకట్టలో స్త్రీలకు మరొక వెసులుబాటు ఉంది: మూడు కత్తెరలు. పూర్తి గుండుకు సిద్ధపడని స్త్రీ జుట్టు కొసన మూడుసార్లు కత్తెర వేయించుకొని మొక్కు చెల్లిస్తుంది. పశ్చిమ ప్రకాశం నుంచి వెళ్లే కుటుంబాలలో మగవారు, పిల్లలు గుండు చేయించుకోగా యువతులు మూడు కత్తెరలతో సరిపెట్టుకోవడం సర్వసాధారణం. పెళ్లి కావలసిన పిల్ల అయితే ఇంట్లోవారే మూడు కత్తెరలు చాలంటారు. భక్తికీ పెళ్లి సంబంధానికీ నడుమ కుదిరిన ఒప్పందమిది. జుట్టు దేవునికి ఇవ్వాలన్నా పెళ్లిచూపులనాటికి జడ ఎంత ఉండాలన్న లెక్క వెనుక పనిచేస్తూనే ఉంటుంది.

ఇచ్చిన జుట్టు అంగడికి చేరుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం కేశాలను పొడవును బట్టి రకాలుగా విభజించి ఈ-వేలంలో అమ్ముతుంది. అన్నిటికన్నా పొడవైనది మొదటి రకం, దానికన్నా తక్కువ పొడవున్నవి ఆ తరువాతి రకాలు. మొదటి రెండు రకాలకు సరిపోయేంత జుట్టు సాధారణంగా స్త్రీలదే. ఇది ఒకవైపు. ఊళ్లలో దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలను ఉండచుట్టి గోడసందులో దాచి, వీధిలోకి వచ్చే వెంట్రుకల వ్యాపారికి ఇచ్చి స్టీలు గిన్నెనో ప్లాస్టిక్ డబ్బానో పుచ్చుకోవడం మరొకవైపు. రాలిన జుట్టుకు బదులుగా గిన్నె తీసుకోవడంలో ఎవరికీ తప్పు తోచదు.

ఈ ఇవ్వడం అసలు ఎలాంటి చర్య అన్న ప్రశ్న 2004లో ఎవరూ ఊహించని చోట చర్చకు వచ్చింది. సనాతన యూదు మతస్థులైన వివాహిత స్త్రీలు తమ జుట్టు పరులకు కనబడకుండా విగ్గు ధరిస్తారు. ఆ విగ్గులలో భారతీయుల కేశాలు ఉండటం, అవి తిరుమల నుంచి రావడం బయటపడింది. అన్య దేవతకు అర్పించిన వస్తువును వాడటం వారి ధర్మశాస్త్రం ప్రకారం నిషిద్ధం. కాబట్టి కల్యాణకట్టలో జుట్టు తీయడమే పూజా, లేక దర్శనానికి ముందు శుద్ధి కోసం తీసివేసే మలినమా అన్నది తేలవలసి వచ్చింది. లండన్ నుంచి ఒక ధర్మపండితుడు తిరుమలకు వచ్చి చూసి వెళ్లాడు. ఆ పిమ్మట 2004 మే నెలలో జెరూసలెంలోని ధర్మాచార్యుడు యోసెఫ్ షాలోం ఎల్యాషివ్ ఆ విగ్గులను నిషేధించాడు. న్యూయార్కులోని బ్రూక్లిన్ వీధులలో స్త్రీల విగ్గులను కుప్పపోసి తగులబెట్టారు. తెలుగు స్త్రీ తల మీది నుంచి దిగిన జుట్టు ‘ఇచ్చినదా, తీసివేసినదా’ అన్న క్రియాభేదం మీద ఖండాంతరాలలో తీర్పు వెలువడిందన్నమాట. జుట్టు ఒకటే, క్రియను బట్టి అది పవిత్రమో మలినమో నిషిద్ధమో అవుతున్నది.

అదే తిరుమల కొండ మీద ప్రతిరోజూ వేలమంది భోజనం చేసే భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు ఉంది. పద్దెనిమిదో శతాబ్దిలో చిత్తూరు ప్రాంతపు తరిగొండలో పుట్టి, బాల్యంలోనే భర్తను కోల్పోయి, వైధవ్య చిహ్నాలను నిరాకరించి, తిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం వంటి కృతులు రచించిన కవయిత్రి ఆమె. శిరోముండనానికి ఆమె ఒప్పుకోలేదని, పీఠాధిపతి నిలదీసినప్పుడు ఎదురు ప్రశ్నించిందని, బలవంతాన తీయించిన జుట్టు నదిలో మునిగి లేచేసరికి తిరిగి వచ్చిందని కథలు చెబుతాయి. కథలోని మహిమను పక్కన పెట్టినా నిరాకరణ మిగులుతుంది. ఒకే కొండ మీద, ఒకే స్వామి సన్నిధిలో లక్షలాది స్త్రీలు జుట్టు ఇచ్చిన కల్యాణకట్టా ఉంది, జుట్టు ఇవ్వనన్న స్త్రీ పేరిట భవనమూ ఉంది. ఆ నిరాకరణను సంప్రదాయం చివరకు ఆమోదించింది. ఆమోదించడానికి దైవసాక్ష్యం కావలసి వచ్చింది.

4. సంఘంలో జుట్టు:

తర్లుపాడు ప్రాంతపు స్త్రీల వైఖరిని హిందూ ఆచారాలతోనే వివరించడం అసమగ్రం. ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేసిన ప్రాంతమిది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకొన్న సంగతి క్రైస్తవ మిషన్ల చరిత్రలో ప్రసిద్ధం. ఆనాటి విశ్వాసులలో అత్యధికులు మాదిగలు. వారి వారసులున్న ప్రతి ఊళ్లోనూ జుట్టుకు మరొక శాస్త్రం వచ్చింది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం పొడవైన జుట్టు స్త్రీకి ఘనత అని, కత్తిరించుకోవడమూ క్షౌరమూ ఆమెకు అవమానమని చెబుతుంది. తరువాత వచ్చిన పెంతెకొస్తు సంఘాలు ఈ బోధను మరింత గట్టిగా పట్టుకొన్నాయి. ఆ సంఘాల స్త్రీలు కొసలు సమం చేయించడానికీ వెనుకాడతారు.

ఫలితం విచిత్రమైనది. ఒకే వీధిలో ఒక ఇంటి స్త్రీ దేవుని కోసం జుట్టు మొత్తం తీయించుకొంటుంది. పక్క ఇంటి స్త్రీ దేవుని కోసమే అంగుళం కూడా తీయించుకోదు. ఇద్దరూ ఒకరి నియమాన్ని ఒకరు అర్థం చేసుకోగలరు, ఎందుకంటే రెండు నియమాలలోనూ జుట్టుకు యజమాని దేవుడే. మూడో ఇంటి అమ్మాయి తనకు బాగుంటుందని కత్తిరించుకొంటే ఈ ఇద్దరూ కలిసి ముక్కున వేలు వేసుకొంటారు.

5. సాహిత్యంలో జడ – యజమాని ఎవరు:

ఉద్యోగపర్వంలో రాయబారానికి బయలుదేరుతున్న కృష్ణునికి ద్రౌపది చూపించేది తన జుట్టునే. సభలో పట్టి ఈడ్చిన జుట్టు అది. తిక్కన ఆ ఘట్టాన్ని తెలుగు పాఠకులు మరువలేనట్లు నిలిపాడు. సంస్కృతంలో భట్టనారాయణుడు ఆ జుట్టు ముడి పేరిటే వేణీసంహారం అన్న నాటకం రాశాడు. అందులో శత్రువు రక్తం అంటిన చేతులతో భీముడు జడ ముడిస్తే గాని ప్రతిజ్ఞ తీరదు. విరబోసిన జుట్టు తెలుగువారికి ఈనాటికీ శోకానికో కోపానికో పూనకానికో గుర్తు. కత్తిరించిన జుట్టు ముడికి అందదు కనుక ఎప్పుడూ విరబోసినట్లే ఉంటుంది. ‘దయ్యంలా ఆ జుట్టేమిటి’ అన్న గద్దింపు వెనుక ఈ భయపు ఛాయ ఉంది.

కూచిపూడి భామాకలాపంలో జడ మరొక విధంగా సాక్షాత్కరిస్తుంది. తెర వెనుక నిలిచిన సత్యభామ మొదట ప్రేక్షకులకు చూపించేది ముఖం కాదు, తెర మీదుగా వేసిన జడను. తన విద్యను మించినవారు సభలో ఉంటే ఆ జడ కోసి ఇస్తానన్నది ఆ జడ వేయడంలోని సవాలని కళాకారులు చెబుతారు. ఇక్కడ జడ కోయడం ఓటమికి మారుపేరు. అయితే సంప్రదాయం ప్రకారం ఆ జడ వేసుకొన్నది పురుషుడు. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ వేస్తే ప్రేక్షకులు ఆడతనమంటే అదేననుకొన్నారు. పురుషుడు వేషంగా తగిలించుకొని ఆట ముగిశాక తీసి పెట్టెలో పెట్టగలిగిన జడ, స్త్రీకి మాత్రం స్వభావమైంది.

పురుషుల జుట్టు కథ వేరు. ఒకప్పుడు తెలుగు పురుషులకూ ముడి ఉండేది, పిలక ఉండేది. ‘క్రాపు’ వచ్చిన కొత్తలో దానిపైనా ఆక్షేపణలు వచ్చాయి. కొద్ది కాలంలోనే సద్దుమణిగాయి. ఇది ఒక్క తెలుగునాటి కథ కాదు. జపానులో 1871లో పురుషులను సిగలు తీసి క్రాపు చేయించుకొమ్మని ప్రోత్సహించిన ప్రభుత్వం, మరుసటి ఏడు టోక్యోలో స్త్రీలు జుట్టు కత్తిరించుకోవడాన్ని నిషేధించింది. ఆధునికత పురుషుని తల మీదికి ఆజ్ఞగా, స్త్రీ తల మీదికి నిషేధంగా వచ్చిందన్నమాట.

ఆధునిక తెలుగు కథలో ఈ అంశాన్ని నేరుగా పట్టుకొన్నది ఓల్గా. ‘రాజకీయ కథలు’ సంపుటిలోని ఒక కథ పేరే ‘సీత జడ’. కళ్లు, ముక్కు, జడ వంటి అవయవాలను వస్తువుగా తీసుకొన్న కథలకు ‘రాజకీయ’ అన్న విశేషణం తగిలించడంలోనే రచయిత్రి వాదం ఉంది. కథలను విడిగా విశ్లేషించడం ఈ వ్యాసపు పరిధి కాదు గాని, జడను సౌందర్యశాస్త్రం నుంచి అధికార చర్చలోకి తెచ్చిన ఆ శీర్షికను గుర్తించకుండా ఈ విషయాన్ని మాట్లాడటం కుదరదు.

6. నీళ్లు, పని, జుట్టు:

కావ్యాలలోని జడ వెనుక కావ్యాలు చెప్పని వనరులున్నాయి. నూనె, కుంకుడుకాయ, సీకాయ, నీళ్లు, తీరిక, దువ్వే మరొకరి చేతులు. నడుము దాటిన జుట్టుకు తలంటు పోయాలంటే బిందెలు కావాలి. పశ్చిమ ప్రకాశంలో వేసవి వస్తే తాగునీటికి ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లున్నాయి. బోరు నీళ్లలో ఉప్పు, ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్లు పోసుకొంటే జుట్టు ఊడుతుందన్నది ఇక్కడి స్త్రీల స్థిరమైన ఫిర్యాదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తూ ఒక తరం తల నెరిసింది. ఇలాంటి చోట పొడవైన జడ ఎవరికి సాధ్యమన్న ప్రశ్న రావాలి. మిరప కోతకు, పత్తి తీతకు వెళ్లే స్త్రీ జుట్టును గట్టిగా ముడి వేసి పైన గుడ్డ కట్టుకొంటుంది. పలకల పనిలో దుమ్ము తల నిండా దిగుతుంది. శ్రామిక స్త్రీ జీవితంలో జడ పండుగనాటిది, ముడి ప్రతిరోజుదీ. అయినా అందం గురించి అడిగితే ఆమె కూడా బారెడు జడనే చెబుతుంది. ‘జుట్టున్నమ్మ ఏ కొప్పు వేసినా అందమే’ అన్న సామెతలో జుట్టు ఆస్తికి మారుపేరైంది. లేనివారి నోట అది కొంత నిట్టూర్పుగానూ వినిపిస్తుంది.

ఇలా చూస్తే పొట్టి జుట్టు ఇక్కడి స్త్రీలకు సౌకర్యం కావాలి. కొందరికి అవుతున్నది కూడా. చేతులు పైకి లేవని ముసలమ్మకు, దువ్వే దిక్కు లేనప్పుడు, కోడలో కూతురో కత్తెరతో జుట్టు మెడ దాకా తగ్గిస్తే ఎవరూ ఏమీ అనరు. పెళ్లి, కాపురం, సంతానం అన్న లెక్కల నుంచి ఆమె బయటపడింది కనుక ఆమె జుట్టు మీద ఊరి పట్టు సడలింది. వయసులో ఉన్న స్త్రీ అదే సౌకర్యాన్ని కోరుకొంటే ‘మా ఆయన ఒప్పుకోడు’, ‘పెళ్లి అయ్యేదాకా ఆగు’ అన్న మాటలు అడ్డు వస్తాయి. మొదటి మాటలో యజమాని ఉన్నాడు, రెండోదానిలో రాబోతున్నాడు.

సౌకర్యం అన్న కారణాన్ని జాగ్రత్తగా వాడవలసిన అవసరాన్ని ఒక సంఘటన గుర్తుచేస్తుంది. 2019 ఆగస్టులో తెలంగాణలోని మెదక్‌లో ఒక గిరిజన బాలికల గురుకులంలో నీటి కొరత కారణంగా విద్యార్థినుల జుట్టు పొట్టిగా కత్తిరించారన్న వార్త పత్రికలకెక్కింది. తల్లిదండ్రులు ఆందోళనకు దిగారు. కొరత నిజమే కావచ్చు, పొట్టి జుట్టుతో నీళ్లు ఆదా అయ్యే మాటా నిజమే. అయితే నీళ్లు తేలేని వ్యవస్థ పిల్లల తలల మీద పొదుపు చేసింది. పొట్టి జుట్టు స్వేచ్ఛకు గుర్తు అని ఉత్సాహంగా రాసే ఆధునికులు ఈ సంఘటన దగ్గర ఆగి చూడాలి. కత్తిరించడం దానంతట అది విముక్తి కాదు. విధవ తల మీద అది శిక్షే, ఈ పిల్లల తల మీద అది ఆజ్ఞే. ఇక్కడి క్రియ ‘కత్తిరించారు’. ‘కత్తిరించుకొన్నారు’ కాదు.

ఆ మెదక్ నియోజకవర్గమే 1980లో ఇందిరాగాంధీని లోక్‌సభకు పంపింది. ఆమె జుట్టు పొట్టిది, ఆమె 1960లో భర్తను కోల్పోయిన స్త్రీ. పొట్టి జుట్టు, వైధవ్యం రెండూ ఒకే తల మీద ఉన్నా తెలుగు పల్లెలు ఆమెను ‘ఇందిరమ్మ’ అని తల్లిని చేసుకొన్నాయి. ఆమె పేరిట వచ్చిన ఇళ్లలో కాపురముంటూ ఆమె పటాన్ని గోడకు తగిలించుకొన్న తల్లులే కూతుళ్ల జుట్టు దగ్గర పట్టుదలకు పోయారు. ఎంతో ఎత్తున ఉన్న స్త్రీకి జుట్టు నియమం వర్తించదని భావించి ఉంటారు. నియమం ఉన్నది అందుబాటులో ఉన్న స్త్రీలకే.

7. కత్తిరించుకొన్నవారి మాటలు:

మార్కాపురం, గిద్దలూరు, కంభం పట్టణాలలో ఇప్పుడు బ్యూటీ పార్లర్లున్నాయి. అక్కడికి వెళ్లివచ్చిన స్త్రీలు తమ పనిని చెప్పుకొనే తీరు గమనించదగినది. ‘కత్తిరించుకొన్నాను’ అని సూటిగా చెప్పడం తక్కువ. ‘కొసలు సమం చేయించాను’, ‘చిట్లిన వెంట్రుకలు తీయించాను’, ‘ట్రిమ్ చేయించాను’, ‘ఊడిపోతుంటే కొంచెం తగ్గించింది’ అన్నవి వినిపిస్తాయి. మొదటి మూడింటిలో ప్రేరణార్థక క్రియ ఉంది. పని చేసినది మరొకరు. చివరిదానిలో కర్తయే మారిపోయి, నేరం పార్లరు అమ్మాయి మీదికి పోయింది. యూ కట్, స్టెప్ కట్ వంటి వాటికి ఇక్కడ గిరాకీ ఉండటానికి కారణం కూడా ఇలాంటిదే. జడ వేస్తే కత్తెర పడినట్టు తెలియదు, విడిచినప్పుడు మాత్రం తెలుస్తుంది. ఇంట్లో జడ, కాలేజీలో విడిచిన జుట్టు. మూడు కత్తెరల ఒప్పందానికి ఇది లౌకిక రూపం.

ఈ దాపరికాన్ని కపటమనడం తొందరపాటు. ఎదురు తిరగకుండానే కొంత చోటు సంపాదించుకోవడం స్త్రీలు ఏనాటి నుంచో చేస్తున్న పని. అమ్మాయిలకు అడ్డు చెప్పే తల్లుల వైఖరిని కూడా ఛాందసమని కొట్టివేయడం సరికాదు. చిన్నప్పుడు మల్లెలు వచ్చే రోజులలో పూలజడ వేసి ఫోటో తీయించిన తల్లికి, బడికి పంపే ముందు ప్రతి ఉదయం రిబ్బన్లతో రెండు జడలు మడిచి కట్టిన తల్లికి, ఆ జుట్టులో తన చేతి శ్రమ కనిపిస్తుంది. కూతురు తల ఒడిలో పెట్టుకొని పేలు చూసిన మధ్యాహ్నాలు ఆ జుట్టులో ఉంటాయి. ‘ఎన్నేళ్లు పెంచాను’ అని ఆమె అన్నప్పుడు అది ఆజ్ఞ కాదు, వేదన. ఇద్దరు స్త్రీల మధ్య నడిచే ఈ తగవులో పురుషుని ఇష్టానిష్టాల ప్రసక్తి వచ్చినప్పుడు మాత్రమే అది ఆజ్ఞగా మారుతుంది. ఈ రెంటినీ వేరు చేసి చూడకపోతే పొట్టి జుట్టుపై స్త్రీల దృక్పథం అర్థం కాదు.

ఇటీవలి కాలంలో మరొక మార్పు కనిపిస్తున్నది. కీమోథెరపీతో జుట్టు కోల్పోయిన క్యాన్సర్ రోగులకు విగ్గులు తయారుచేయడానికి జుట్టు దానం చేసే పద్ధతి నగరాల నుంచి పట్టణాలకు, కాలేజీలకు పాకింది. కనీసం ఇంత పొడవుండాలన్న నియమం ఉండటంతో దానం చేసిన అమ్మాయి జుట్టు భుజాల పైకి వస్తుంది. బాబ్ కట్‌తో ఇంటికి వచ్చిన ఆమె ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు ‘డొనేట్ చేశాను’ అంటోంది. ఇంట్లోవారు ఒక క్షణం తడబడి ఊరుకొంటున్నారు; కొందరైతే పదిమందికి గర్వంగా చెప్పుకొంటున్నారు. నీలాదేవి కథలోని క్రియ ఇంగ్లీషు మాటలో తిరిగి వచ్చింది. దానం చేయాలన్న కోరిక నిజమైనదే. దానితోపాటు, ఎన్నాళ్లుగానో పొట్టి జుట్టు కావాలనుకొన్న అమ్మాయికి ఆ మాట ఒక దారి కూడా చూపింది. వీటిలో ఏది ముందో ఏది వెనుకో ఆమెను ఎవరూ అడగడం లేదు. ‘ఇచ్చాను’ అన్నాక “ఎవరికి?” అని మాత్రం అడుగుతున్నారు.